రోజుకో మాత్ర చొప్పున 5 ఏళ్లు: రొమ్ము క్యాన్సర్ మాత్రలు టామాక్సిఫెన్, లెట్రోజోల్ మీద నా రివ్యూ

మందుల యాప్‌లో లెట్రోజోల్ కింద ఎవరో "ప్యాకింగ్ సూపర్, డెలివరీ ఫాస్ట్" అని రాసి 5 స్టార్లు ఇచ్చారు. చదివి నవ్వొచ్చింది, కాసేపటికి ఒళ్లు మండింది కూడా, ఎందుకంటే అదే వారంలో ఆ మాత్ర పుణ్యమా అని వేళ్లు బిగుసుకుపోయి ఆవకాయ సీసా మూత తిప్పలేక నిద్రపోతున్న మా ఆయన్ని లేపాల్సి వచ్చింది. సరే, ప్యాకింగ్ సంగతి ఆ స్టార్లిచ్చినవాళ్లు చెప్పేశారు కాబట్టి లోపలి సరుకు సంగతి నేను రాస్తాను.

ముందు నా వివరాలు. మాది గూడూరు, పెళ్లయి మద్రాసు వచ్చి 30 ఏళ్లు దాటింది, ఉండేది వెస్ట్ మాంబళంలో. 2019లో, నాకు 49 ఉన్నప్పుడు, ఎడమ రొమ్ములో 2.3 సెంటీమీటర్ల గడ్డ బయటపడింది. ఆపరేషన్‌లో చంకలోంచి 14 గ్రంథులు తీస్తే ఒకదాంట్లో క్యాన్సర్ ఉందన్నారు. ఈఆర్, పీఆర్ రెండూ పాజిటివ్, హర్2 నెగటివ్, అంటే ఈస్ట్రోజెన్ లాంటి ఆడ హార్మోన్లతో పెరిగే రకం. కీమో, రేడియేషన్ అయ్యాక 2020 జనవరిలో ఆ హార్మోన్‌కి అడ్డుపడే మాత్రలు మొదలుపెట్టారు. ఇదంతా సానుభూతి కోసం చెప్పడం లేదు. కింద నేను వేసిన లెక్క మొత్తం ఈ 2.3 మీదా ఆ ఒక్క గ్రంథి మీదా నిలబడి ఉంది, మీ రిపోర్టులో అంకెలు వేరైతే మీ లెక్క వేరు. నేను డాక్టర్ని కాను, రిటైరైన లెక్కల టీచర్ని.

మొదటి రెండేళ్లు టామాక్సిఫెన్ 20 ఎంజీ. చాలా పాత మందు, 1962లో ఇంగ్లండ్‌లో ఐసీఐ కంపెనీ వాళ్లు గర్భనిరోధక మాత్ర కోసం వెతుకుతుంటే తయారైంది, దానికి పనికిరాలేదు, దీనికి పనికొచ్చింది. చేసే పని చిన్నదే. రొమ్ము కణంలో ఈస్ట్రోజెన్ వచ్చి కూర్చునే చోట ఇది ముందే వెళ్లి కూర్చుంటుంది. మా ఆయన భాషలో చెప్పాలంటే బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు పట్టడం. చిక్కేమిటంటే రొమ్ములో ఈస్ట్రోజెన్‌ని అడ్డుకునే ఇదే మందు ఎముకల్లో, గర్భసంచిలో తానే ఈస్ట్రోజెన్‌లా నడుచుకుంటుంది. నెలసరి ఆగిపోయిన వాళ్ల ఎముకలకు అది లాభం, గర్భసంచికి మాత్రం నష్టం, అక్కడ క్యాన్సర్ భయం ఉంటుంది. కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం కూడా కొంచెం పెరుగుతుంది, అందుకే ఒక కాలు పిక్క ఒక్కటే వాచి నొప్పి పెడితే ఆగకుండా రమ్మన్నారు. నాకు ఆ అవసరం రాలేదు.

నాకొచ్చింది ఆవిర్లు. మెనోపాజ్ ఆవిర్లు మా అక్కకీ వచ్చాయి, విసనకర్ర పట్టుకుని తిరిగేది, అలాగే ఉంటుందనుకున్నాను. కాదు. ఛాతీ దగ్గర ఎవరో పొయ్యి అంటించినట్టు మొదలై మెడ మీదుగా చెవుల దాకా పాకి, రెండు నిమిషాల్లో జాకెట్ వీపు మొత్తం తడిసి, ఆ వెంటనే చలి. రోజుకి పది పన్నెండు సార్లు. మండే ఎండ, తాంబరం లోకల్లో నిలబడి ఉన్నాను, అసలే బోగీలో ఊపిరాడటం లేదు, అప్పుడు వచ్చింది ఒకటి. పక్కనున్న పూలమ్మాయి నా మొహం చూసి భయపడి తన బుట్ట మీది తడిగుడ్డ తీసి నా మెడ మీద వేసింది. మల్లెపూల వాసన, చెమట వాసన కలిసి ఇంటిదాకా వచ్చాయి. రాత్రిళ్లు ఏసీ 20కి పెడితే మా ఆయన మఫ్లర్ చుట్టుకుని "ఇది ఊటీ కాదు, వెస్ట్ మాంబళం" అని గొణుగుతూ హాల్లోకి పోయేవారు.

ఆ నిద్రలేమికీ దిగులుకీ కలిపి దగ్గర్లో ఉన్న ఒక జనరల్ డాక్టర్ పారాక్సెటిన్ రాశారు. మంచి మనిషే, పేరు చెప్పను, కానీ నేను టామాక్సిఫెన్ మీద ఉన్నానని చీటీ చూపించినా పట్టించుకోలేదు. టామాక్సిఫెన్ మాత్ర మింగగానే పనిచేయదు, కాలేయంలో ఒక ఎంజైమ్ దాన్ని అసలు మందుగా మార్చాలి, పారాక్సెటిన్, ఫ్లుయాక్సెటిన్ లాంటివి ఆ ఎంజైమ్‌నే కట్టేస్తాయి. నెల తర్వాత మా ఆంకాలజిస్ట్, అంటే క్యాన్సర్ డాక్టర్, చూసి తల పట్టుకుని దాన్ని మెల్లగా తగ్గించి వెన్లాఫాక్సిన్‌కి మార్చారు. దానికి ఈ గొడవ లేదు, పైగా ఆవిర్లు కూడా సగానికి తగ్గాయి. టామాక్సిఫెన్ వేసుకునేవాళ్లు ఈ రివ్యూలో మిగతాదంతా మర్చిపోయినా ఈ పేరా గుర్తుపెట్టుకోండి, ఏ కొత్త మాత్ర అయినా స్ట్రిప్పు ఫొటో మీ ఆంకాలజిస్టుకి పంపాకే వేసుకోండి.

పద్నాలుగో నెలలో రక్తం కనిపించింది. నాలుగు చుక్కలే, అయినా నెలసరి ఆగి ఏడాది దాటాక చుక్క కూడా చెప్పాల్సిందే. స్కాన్, బయాప్సీ, రిపోర్టుకి ఎనిమిది రోజులు. ఆ ఎనిమిది రోజులూ నేను టీటీడీ గుడికి వెళ్లి వచ్చేటప్పుడు ఏం మొక్కుకున్నానో వెంకన్నకే తెలియాలి. ఏమీ లేదని వచ్చింది.

రెండేళ్లయ్యాక రక్త పరీక్షల్లో మెనోపాజ్ ఖాయమని తేలాక లెట్రోజోల్ 2.5 ఎంజీకి మార్చారు. ఇది వేరే జాతి. అండాశయాలు పని మానేశాక కూడా ఒంట్లో కొవ్వు, కండరం అరోమటేజ్ అనే ఎంజైమ్‌తో కొంచెం కొంచెం ఈస్ట్రోజెన్ తయారుచేసుకుంటూనే ఉంటాయి. లెట్రోజోల్, అనాస్ట్రోజోల్, ఎగ్జెమెస్టేన్ మూడూ ఆ తయారీనే ఆపేస్తాయి. సీటు పట్టడం కాదు, డిపోలోంచి బస్సే బయల్దేరదు. అందుకే టామాక్సిఫెన్ కంటే వీటితో తిరగబెట్టే అవకాశం ఇంకో మూడో వంతు దాకా తక్కువ. అందుకే కీళ్లు కూడా ఇలా అవుతాయి.

ఆరో వారంలో మొదలైంది. ఉదయం ఐదున్నర, వంటింట్లో లైటు వేసి ఇత్తడి కాఫీ ఫిల్టర్ పట్టుకున్నాను. రాత్రి డికాక్షన్ దిగి పై గిన్నె కింది గిన్నెకి బిగుసుకుని ఉంటుంది కదా, రోజూ చేసే పని, కుడిచేత్తో చిన్న మెలిక తిప్పితే వచ్చేస్తుంది. ఆరోజు వేళ్లు మడతపడలేదు. నొప్పి కూడా కాదు ముందు, వేళ్ల లోపల ఎవరో పిండి ఆరబెట్టినట్టు బిర్రుగా ఉంది. రెండు అరచేతుల మధ్య ఫిల్టర్‌ని ఇరికించి చపాతీ పిండి ముద్ద నలిపినట్టు నలిపాను, అది జారి సింకులో పడింది, డికాక్షన్ అంతా పోయింది. వేడినీళ్ల కుళాయి కింద పది నిమిషాలు చేతులు పెడితే గాని గుప్పిట మూయడం కుదరలేదు. ఆ తర్వాత మడమలు, మోకాళ్లు. మంచం దిగి మొదటి ఇరవై అడుగులు మా అత్తగారు 85 ఏళ్లప్పుడు నడిచిన నడక. గుడిలో కింద కూర్చుంటే లేపడానికి ఇద్దరు కావాలి. చేతి గాజులు సబ్బు రాసినా ఎక్కవు.

హాస్పిటల్లో, అదెక్కడో అనవసరం, మూడు గంటలు కూర్చుని లోపలికి వెళ్తే జూనియర్ డాక్టరమ్మాయి తల ఎత్తకుండా "వయసాయిడుచ్చిల్లమ్మా" అంది. వయసయిపోయిందట! ఏడాది క్రితం దాకా మాంబళం స్టేషన్ మెట్లు పరుగున దిగిన మనిషిని. వయసు పది వేళ్లకీ ఒకే వారంలో రాదు తల్లీ అన్నాను, తెలుగులోనే అన్నాను, దానికి అర్థమైందో లేదో. ఈ మాత్రల్లో ఏదో ఒకటి వేసుకునే ఆడవాళ్లలో దాదాపు సగం మంది కీళ్లనొప్పులు చెబుతారు. ఇది తెలియని సంగతేం కాదు. ఇలాంటి మాటలు విని, "ఎటూ క్యాన్సర్ పోయింది కదా" అనుకుని ఎంతమంది చెప్పాపెట్టకుండా మాత్ర మానేస్తారో, మళ్లీ చెకప్‌కి వెళ్లి "వేసుకుంటున్నా మేడమ్" అంటారో. నేనూ పదకొండు రోజులు ఆ అబద్ధం ఆడాను. మా పెద్ద డాక్టరమ్మకి చెప్పేసరికి ఆవిడ తిట్టలేదు, "నాకు చెప్పి మానేయండి, చెప్పకుండా మానేయకండి" అని మాత్రం అన్నారు. ఆరోజు నుంచి ఆవిడంటే నాకు గురి.

ఆవిడ చేసింది ఇది. మూడు వారాలు పూర్తిగా ఆపమన్నారు. రెండో వారం చివరికి ఫిల్టర్ తేలిగ్గా విడిపోయింది, అంటే దోషం మాత్రదే, కీళ్లవాతం కాదు అని తేలింది. తర్వాత ఎగ్జెమెస్టేన్ 25 ఎంజీ మొదలుపెట్టారు, అదే జాతిలో ఇంకొకటి, ఒకటి పడని వాళ్లలో చాలామందికి ఇంకొకటి సర్దుకుంటుందట. పడింది, పూర్తిగా కాదు గాని పదికి ఎనిమిది ఉన్న నొప్పి నాలుగుకి దిగింది. ఇది మాత్రం తిన్నాకే వేసుకోవాలి, నేను ఉదయం ఇడ్లీ తర్వాత వేసుకుంటాను. నొప్పికి డులాక్సెటిన్ కూడా ఇస్తామన్నారు, అప్పటికే అదే జాతి వెన్లాఫాక్సిన్ ఉంది కాబట్టి వద్దన్నారు మళ్లీ వాళ్లే. ఆక్యుపంక్చర్ మీద అమెరికాలో పెద్ద ట్రయల్ చేసి 2018లో కొంత ఉపశమనం ఉందని చెప్పారు, నాకు సూదులంటే కీమోతోనే తృప్తి తీరిపోయింది.

నాకు అన్నిటికంటే పనిచేసింది నడక. ఇది రాయడానికి నాకే ఇష్టం లేదు, ఎవరు ఏ జబ్బని చెప్పినా నడవమనేవాళ్లంటే నాకు చిరాకు. కానీ నొప్పిగా ఉన్నప్పుడు నడిస్తేనే నొప్పి తగ్గడం ఈ మందు దగ్గరే చూశాను. స్టేషన్ దగ్గరి స్కైవాక్ వంతెన మీదుగా టీ నగర్ వైపు దాటి నటేశన్ పార్కులో నాలుగు చుట్లు, ఇంటికొచ్చి రెండు లీటర్ నీళ్ల సీసాలతో చేతుల వ్యాయామం. మొదటి చుట్టు ఏడుపు, మూడో చుట్టుకి మామూలు మనిషిని.

ఎముకల సంగతి నొప్పిలా అరిచి చెప్పదు, అదే ప్రమాదం. లెట్రోజోల్ మొదలుపెట్టేముందు, ఎముకల గట్టిదనం కొలిచే డెక్సా స్కాన్‌లో వెన్నుపూస టి స్కోర్ మైనస్ 1.4, రెండేళ్లకి మైనస్ 2.1. మైనస్ 2.5కి దిగితే ఆస్టియోపొరోసిస్, అంటే ఎముకలు గుల్లబారాయి అంటారు. రాగి జావ తాగుతున్నా కదా అన్నాను, నవ్వి జొలెడ్రోనిక్ యాసిడ్ రాశారు, ఆరు నెలలకోసారి సెలైన్‌లో ఎక్కిస్తారు. దానికి ముందు పళ్ల డాక్టరుకి చూపించి పీకాల్సినవి పీకించుకోవాలి, తర్వాత పళ్లు తీస్తే దవడ ఎముక మానకపోవడం అరుదుగా జరుగుతుంది. మొదటిసారి ఎక్కించుకున్న రాత్రి చలిజ్వరం వచ్చి ఒళ్లంతా కొట్టినట్టయింది, రెండోసారి ఏమీ లేదు.

ఇంకొకటి, ఎవరూ పైకి చెప్పనిది, చెబితే డాక్టర్లూ కాగితాల్లోకి చూసేది. లోపలంతా పొడిబారిపోతుంది. దాంపత్యం సంగతి అటుంచండి, కూర్చుంటే మంట, మాటిమాటికీ యూరిన్ ఇన్ఫెక్షన్. ఏడాదిన్నర నోరు మూసుకుని ఉన్నాను సిగ్గుతో. అడిగితే హార్మోన్ లేని మాయిశ్చరైజర్ జెల్ ఉంది, మెడికల్ షాపులోనే దొరుకుతుంది, వారానికి మూడుసార్లు వాడాలి అని అర నిమిషంలో చెప్పేశారు. ఆ ఏడాదిన్నర నాకెవరు తిరిగిస్తారు? ఈస్ట్రోజెన్ క్రీములు మాత్రం ఈ మందు మీద ఉన్నప్పుడు సొంతంగా కొనకండి.

మెడికల్ షాపు అంటే గుర్తొచ్చింది. లెట్రోజోల్ పిల్లల కోసం ట్రీట్‌మెంట్‌లో కూడా ఇస్తారు, అండం విడుదలవడానికి. మొదటిసారి చీటీ ఇస్తే కౌంటర్లో కుర్రాడు గొంతు తగ్గించి "పొణ్ణుకామా?" అన్నాడు, కూతురికా అని. అవునన్నాను, ఎందుకో. తర్వాత నెలనెలా "ఎదావదు విశేషమా అమ్మా?" అని ఆశగా అడిగేవాడు, ఏమైనా విశేషమా అని. చివరికి ఎగ్జెమెస్టేన్‌కి మారాక అసలు సంగతి చెప్పాను, పాపం మొహం చిన్నబుచ్చుకున్నాడు. డబ్బు విషయంలో, జనరిక్‌లో కొనుక్కుంటే ఈ మాత్రలు మనం భయపడేంత ఖరీదు కావు, జన ఔషధి షాపులో అడగండి. ఉన్న బ్రాండ్ లేదని వేరేది ఇస్తే మందు పేరూ ఎంజీ రెండూ చూసుకుని తీసుకోండి.

ఇప్పుడు లాభం. ఇక్కడే ఈ సరుకుకి రివ్యూ రాయడం కష్టం. మిక్సీ అయితే పిండి రుబ్బింది అని చూపించొచ్చు. ఇది పనిచేస్తే ఏమీ జరగదు. మా వీధి గూర్ఖా ప్రతి నెలా ఒకటో తారీకున వచ్చి డబ్బులడుగుతాడు, దొంగలు రాలేదు కాబట్టి నువ్వు అనవసరం అనాలా, నువ్వున్నావు కాబట్టే రాలేదు అనాలా? నష్టం రోజూ నా చేతివేళ్లలో ఉంది, లాభం కాగితం మీద అంకెల్లో ఉంది. అందుకని కాగితమే తెచ్చుకున్నాను.

మొదటి 5 ఏళ్ల విషయంలో నాకు పెద్ద గొడవ లేదు. టామాక్సిఫెన్ 5 ఏళ్లు వాడినవాళ్లలో రొమ్ము క్యాన్సర్‌తో చావు 15 ఏళ్లలో దాదాపు మూడో వంతు తగ్గిందని ప్రపంచంలోని ట్రయల్స్ అన్నీ కలిపి 2011లో తేల్చారు. మందు ఆపేశాక కూడా ఆ మేలు కొన్నేళ్లు ఉంటుంది. మూడో వంతు కోసం నేను కాఫీ ఫిల్టర్లు ఎన్నైనా సింకులో పడేస్తాను.

గొడవంతా 2025 జనవరిలో, 5 ఏళ్లు నిండిన రోజున. నేను స్వీట్ల డబ్బా పట్టుకుని వెళ్లాను, ఆవిడేమో ఇంకొన్నాళ్లు వాడదామా అన్నారు. ఈఆర్ పాజిటివ్ రకానికి ఓపిక ఎక్కువ, పదేళ్లకీ పదిహేనేళ్లకీ కూడా తిరిగొస్తుంది. 2017లో వచ్చిన లెక్క ప్రకారం 5 ఏళ్లు మందు వాడి ఆపేసినవాళ్లలో, నాలాగా 2 సెంటీమీటర్లు దాటిన గడ్డ, ఒకటి నుంచి మూడు గ్రంథులు ఉన్నవాళ్లకి, జబ్బు బయటపడి 20 ఏళ్లు నిండేసరికి వేరే అవయవాల్లో తిరగబెట్టింది నూటికి 26 మందికి. గడ్డ 2 లోపు, గ్రంథులు ఏవీ లేని వాళ్లకి అదే 13. అవి పాత ట్రీట్‌మెంట్ల కాలం నాటి వాళ్లవి, మీకు కొంచెం తక్కువే ఉండొచ్చు అన్నారు. అయినా 26 అనే అంకె ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు. ఇంటికొచ్చి స్వీట్లు మేమే తిన్నాం.

అయితే 10 ఏళ్లు వాడేస్తే సరిపోతుందా? 2016లో వచ్చిన ట్రయల్లో లెట్రోజోల్ ఇంకో 5 ఏళ్లు పొడిగించినవాళ్లలో 5 ఏళ్ల తర్వాత జబ్బు లేకుండా ఉన్నది నూటికి 95 మంది, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 91. ఆ తేడాలో ఎక్కువ భాగం రెండో రొమ్ములో కొత్తగా రాకపోవడం వల్ల. బతికున్నవాళ్ల సంఖ్యలో తేడా కనపడలేదు. ఎముకలు విరిగినవాళ్లు మాత్రం నూటికి 14, అవతల 9. టామాక్సిఫెన్ 10 ఏళ్లు వాడితే చావులు తగ్గిన మాట నిజమే, కానీ అక్కడ గర్భసంచి క్యాన్సర్ నూటికి 1.6 నుంచి 3.1కి పెరిగింది, బయాప్సీ రిపోర్టు కోసం ఆ ఎనిమిది రోజులు మళ్లీ పడటం నా వల్ల కాదని చెప్పేశాను. ఇంకొకటి ఆస్ట్రియా వాళ్లది, 2021లో వచ్చింది: 5 ఏళ్ల తర్వాత అనాస్ట్రోజోల్ ఇంకో 2 ఏళ్లు ఇచ్చినా, ఇంకో 5 ఏళ్లు ఇచ్చినా ఫలితం ఒకటే, ఎముకలు విరగడం మాత్రం 5 ఏళ్ల వాళ్లలో ఎక్కువ.

ఈ చివరిది చూశాక నాకు దారి దొరికింది. 26 నన్ను ఆపనివ్వదు, మైనస్ 2.1 నన్ను పదేళ్లు సాగనివ్వదు. ఇంకో 2 ఏళ్లు, మొత్తం 7, దానికి మించి ఒక్క మాత్ర కూడా కాదు అన్నాను. ఆవిడ కూడా సరే అన్నారు. మా తోడికోడలి చెల్లెలు, పెరంబూర్‌లో ఉంటుంది, గడ్డ 1.1, గ్రంథులు సున్నా, 5 ఏళ్లకే ఆపేసింది, నేను చప్పట్లు కొట్టాను. "నువ్వు వేసుకుంటున్నావుగా అక్కా, నేను తప్పు చేశానా" అని ఫోన్ చేసింది రెండు నెలలకి. దాని అంకెలకి అది చేసిందే సరి. నా చెల్లెలి వరస కాబట్టి కాదు, లెక్క అలా వచ్చింది కాబట్టి.

స్టార్లు ఇవ్వాలంటే మందు చేసే పనికి 4 ఇస్తాను, ఒళ్లు చేసిన గతికి 2, మెల్లగా విని మందు మార్చిన పెద్ద డాక్టరమ్మకి 5, వయసాయిడుచ్చు అన్న అమ్మాయికి దాని వయసు నా అంత అయ్యాక ఇస్తాను. పొడిగించినది ఇప్పటికి ఏడాది దాటింది. చేతులు ఉదయం ఇంకా బిర్రుగానే ఉంటాయి, ఫిల్టర్‌ని మాత్రం మార్చేశాను, రెండు పక్కలా పిడులున్న స్టీలుది రంగనాథన్ స్ట్రీట్‌లో దొరికింది. మూడో జొలెడ్రోనిక్ అయింది. తర్వాతి డెక్సా వచ్చే నెలలో, మైనస్ 2.5 వైపు దిగిందంటే 7 దాకా ఆగకుండా అక్కడే ఆపేయాలని ముందే మాట తీసుకున్నాను, ఆవిడ ఆ మాట ఫైల్లో ఎర్రపెన్నుతో రాశారు.